ఒంట్లో వెలిగే నానో కణాలు: అపోహలు - వాస్తవాలు

చీకటి గదిలో ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి. వేలి గుండా ఎరుపు ఒక్కటే బయటికొస్తుంది. నీలం, ఆకుపచ్చలను హిమోగ్లోబిన్ మింగేస్తుంది. ఆ ఎరుపుకు అవతల, కంటికి కనపడని పరారుణ కాంతి ఇంకా లోతు నుంచి వస్తుంది. ఒంట్లోకి ఎక్కించి లేజర్ వేస్తే ఆ కాంతినిచ్చి, లోపలి రక్తనాళాల్లాంటివి చూపించే నానో కణాలు, అంటే అతి చిన్న రేణువులు, తయారుచేయడమే నా పని.

అపోహ: ఇది ఎక్స్-రే లాంటిదే, ప్రమాదం.

వాస్తవం: కాదు. టీవీ రిమోట్‌లో ఉండేదీ ఈ జాతి కాంతే. లేజర్ మోతాదు మించితే మాత్రం చర్మం వేడెక్కుతుంది, అందుకే దానికి పరిమితులున్నాయి.

అపోహ: సీసాలో బాగా వెలిగితే ఒంట్లోనూ వెలుగుతుంది.

వాస్తవం: మా రంగంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎర్బియం అనే లోహం కలిపిన కణాలను సైక్లోహెక్సేన్ అనే ద్రావణిలో ఉంచి 980 నానోమీటర్ల లేజర్ వేస్తే, 1550 నానోమీటర్ల దగ్గర చక్కటి సిగ్నల్ వచ్చింది. వాటినే నీళ్లలోకి మార్చి మళ్లీ చూశాను. గ్రాఫ్‌లో శిఖరం దాదాపు చదునైపోయింది. కణం పాడవలేదు. నీటిలోని ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం తన కంపనంతో ఆ శక్తిని లాగేసుకుంటుంది, కాంతిగా రావాల్సింది వేడిగా పోతుంది. భారజలంలో, అంటే బరువైన రకం హైడ్రోజన్ ఉన్న నీటిలో, ఈ నష్టం బాగా తగ్గుతుంది. కానీ ఒంట్లో ఉండేది మామూలు నీళ్లే కదా! అందుకే గింజ చుట్టూ పొట్టులా, కణం చుట్టూ ఎర్బియం లేని పొరను కొన్ని నానోమీటర్ల మందాన పెంచుతాం. నెలల తరబడి మేం కుస్తీ పట్టేది ఆ పొరతోనే.

అపోహ: తరంగదైర్ఘ్యం ఎంత పెరిగితే అంత మంచిది.

వాస్తవం: కాంతి చెదరడం తగ్గి రక్తనాళాల అంచులు స్పష్టంగా కనిపించే మాట నిజమే. కానీ 1450 నానోమీటర్ల దగ్గర ఆ కాంతిని మింగేస్తూ మళ్లీ నీళ్లే అడ్డం. పైగా 1100 దాటితే మామూలు సిలికాన్ కెమెరాకు ఏమీ కనపడదు, ఖరీదైన ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరా కావాలి.

అపోహ: ఇవన్నీ ల్యాబ్‌లో ఎలుకల వరకే.

వాస్తవం: పరారుణంలో వెలిగే ఇండోసయనైన్ గ్రీన్ అనే రంగుకు అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చింది. ఇవాళ సర్జన్లు పిత్తనాళాలను, రక్తప్రసరణను దాంతోనే చూస్తున్నారు. అండాశయ క్యాన్సర్ ఆపరేషన్ల కోసం పఫోలాసియనైన్ అనే మరో రంగుకు అక్కడే 2021లో అనుమతి దొరికింది. ఈ రెండూ చిన్న అణువులు. మా కణాలు అలా కాదు. ఐదారు నానోమీటర్లు దాటితే మూత్రపిండాలు వడకట్టలేవు, ఎక్కువ భాగం కాలేయంలో, ప్లీహంలో వారాలు, నెలలు ఉండిపోతాయి. ఎంత బాగా వెలిగినా, అవి బయటికెలా పోతాయో చూపించేవరకు మనిషికి ఎక్కించమని నేను అడగను.