కిరీటం దిగింది, ఏనుగు ఉండిపోయింది

కడప, కర్నూలు, అనంతపురం నుంచి మద్రాస్ రెజిమెంట్‌లో చేరినవాళ్ల టోపీ బిళ్ల మీద డాలు, అడ్డంగా రెండు కత్తులు, ఒక ఏనుగు ఉంటాయి. నినాదం గీత మూడో అధ్యాయంలోది: స్వధర్మే నిధనం శ్రేయః. ఏనుగును చూసి దక్షిణాది అడవుల గుర్తు అనుకుంటారు. కాదు, అది మహారాష్ట్రలో జాల్నా దగ్గరి అస్సాయే నుంచి వచ్చింది.

1803 సెప్టెంబరు 23న అక్కడ ఈస్టిండియా కంపెనీ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ మరాఠా పాలకులైన సింధియా, భోంస్లేల సేనలను ఓడించాడు. ఆయన కాల్బలంలో ఎక్కువమంది మద్రాసు సిపాయిలే. ఆ పోరులో ఉన్న దళాలకు కంపెనీ ఏనుగు గుర్తును గౌరవంగా ఇచ్చింది. అంతకు మూడేళ్ల ముందే నిజాం మన జిల్లాలను కంపెనీకి ధారపోశాడు. ఇక్కడ కలెక్టరుగా ఉన్న మన్రోకు వెల్లెస్లీ ఆ యుద్ధం ఎలా నడిపాడో వివరిస్తూ ఉత్తరం కూడా రాశాడు.

1950 జనవరి 26తో సైనిక చిహ్నాల్లో కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. మేజర్ భుజం మీదా అదే మార్పు. భారతీయుల మీద గెలిచినందుకు రెజిమెంట్లు గౌరవంగా చెప్పుకునే యుద్ధాల పేర్లను మన సైన్యం పక్కన పెట్టింది, అస్సాయే కూడా అందులో పోయింది. ఏనుగు మాత్రం పోలేదు. తర్కానికి నిలవదు గానీ, తరాలుగా పెట్టుకున్నవాళ్లకు అది రెజిమెంటు గుర్తే తప్ప మరాఠాల ఓటమి కాదు. నిజాం ధారపోసినందుకు మన జిల్లాలకు పడ్డ దత్త మండలాల పేరును 1928లో నంద్యాల సభలో వదిలించుకుని రాయలసీమ అయ్యాం. ఏనుగుకు అలాంటి సభ జరగలేదు.

తాతల పెట్టెలో పాత బిళ్ల దొరికితే ముందు కిరీటం చూడాలి. 1901 నుంచి 1952 దాకా వాడిన కిరీటం పైకమ్ములు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. నడుమ లోపలికి వంగిన కిరీటం 1953లో ఎలిజబెత్ పట్టాభిషేకం నాటికి వచ్చింది. అప్పటికి మన సైన్యంలో కిరీటమే లేదు. కాబట్టి అలాంటి బిళ్లను రెండో ప్రపంచ యుద్ధం నాటి భారత సైన్యానిదని అమ్మితే నమ్మొద్దు. తర్వాత వెనక్కి తిప్పండి. అచ్చుతో కొట్టిన రేకు బిళ్లకు ముందు ఎత్తున్నచోట వెనక పల్లం ఉంటుంది. వెనక చదునుగా, గరుకుగా ఉంటే చాలావరకు పోతపోసిన నకలే.

ఇత్తడి పాలిష్‌తో రుద్దడమే ఎక్కువ చెరుపు చేస్తుంది. ముందు అరిగేది ఏనుగు కన్ను, తర్వాత తొండం మడతలు. మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. వెనక కొక్కేల్లో దూర్చే చీలిక పిన్ను తుప్పుపట్టినా పారేయకుండా, విడిగా కాగితంలో చుట్టి దాచండి.