తెలంగాణ గిరిజన జనాభా: 1977లో మారిన లెక్క

1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్టీలు 16.58 లక్షల మంది. 1981కి వాళ్ల సంఖ్య 31.76 లక్షలైంది. పదేళ్లలో జనాభా దాదాపు రెట్టింపు కావడానికి కారణం జననాలు కాదు, మధ్యలో ఎస్టీ జాబితా మారడం. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండులకు, లంబాడాలకు మధ్య ఇప్పటికీ రగులుతున్న గొడవకు మూలం ఆ మార్పులోనే ఉంది.

హైదరాబాద్ రాష్ట్రానికి 1950లో ప్రకటించిన ఎస్టీ జాబితా చాలా చిన్నది. అంధ్, భిల్లు, చెంచు, గోండు, కొండరెడ్డి, కొలాం, కోయ, ప్రధాన్, తోటి. అంతే. లంబాడాలు అందులో లేరు. ఆంధ్ర ప్రాంతంలో మాత్రం అదే జనం సుగాలీలుగా ఎస్టీ జాబితాలో ఉన్నారు. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమైనా, తెలంగాణ జిల్లాలకు ఈ ఎస్టీ హోదా వర్తించదన్న షరతు పోలేదు. కర్నూలు తండాలో పుట్టినవాళ్లు ఎస్టీలు, కృష్ణ దాటి మహబూబ్‌నగర్ తండాలో పుట్టినవాళ్లు కాదు. ఎరుకల, యానాదులదీ అదే పరిస్థితి. 1976లో పార్లమెంటు చట్టం చేసి ఈ ప్రాంతీయ పరిమితిని తీసేసింది. 1977 జూలై 27 నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఆ తేడా సరిదిద్దాల్సిన అన్యాయమే. లంబాడాలంతా బాగుపడిపోయారని ఎవరైనా అంటే దేవరకొండ తండాల గురించి చెప్పాలి. 1990ల చివర్లో అక్కడ కన్నవాళ్లే ఆడపిల్లల్ని అమ్ముకుంటున్నారన్న వార్తలు దేశమంతా కదిలించాయి. పాలమూరు తండాల నుంచి పుణె, ముంబైలకు కూలికి వలసపోయిన కుటుంబాలకు లెక్కే లేదు.

కానీ ఆదిలాబాద్ కథ వేరు. అక్కడ అసలు సమస్య భూమి. 1940 అక్టోబర్‌లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలిచ్చింది అడవి మీద, నేల మీద హక్కు కోసమే. ఆ పోరాటం తర్వాతే నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. ఆయన సలహాతో 1940లలో లక్ష ఎకరాలకు పైగా భూమికి పట్టాలిచ్చారు. మార్లవాయిలో గోండీలో చదువు చెప్పే టీచర్లకు శిక్షణ మొదలైంది. కేస్లాపూర్‌లో నాగోబా జాతర సమయంలో అధికారులే వచ్చి గోడు వినే దర్బార్ 1942లో మొదలైంది. గోండుల్లోని మెస్రం వంశస్థులు గోదావరి జలంతో పూజ చేశాక ఆ దర్బార్‌లో అర్జీలిస్తారు. ఇన్ని దశాబ్దాలైనా ఆ అర్జీల్లో పట్టాల మాట పోలేదు.

గిరిజన భూమి చేతులు మారకుండా 1959లో చేసిన నిబంధనలను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. 1970 సవరణ, అంటే అందరూ 1/70 అని పిలిచేది, దాన్ని మరింత గట్టి చేసింది. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు. 1977 దాకా తెలంగాణ ఏజెన్సీలో ఈ చట్టం దృష్టిలో లంబాడాలు గిరిజనేతరులే. ఆ తర్వాత వాళ్లూ గిరిజనులే కాబట్టి కొనడానికి అడ్డు లేకుండా పోయింది. పెన్‌గంగకు అవతల మహారాష్ట్రలో బంజారాలుగా పిలిచే లంబాడాలకు ఎస్టీ హోదా లేదు. దాంతో అటు నుంచి వలసలు పెరిగాయని, తమ భూములు పోయాయని గోండులు నలభై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో అంగడి రోజు. భూమి పట్టాలడిగే సభ కోసం గూడేల నుంచి గోండులు నడిచి వచ్చారు. సభకు అనుమతి లేదంటూ పోలీసులు అడ్డుకున్నారు, కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని హక్కుల సంఘాల మాట. తర్వాత చాలా ఏళ్లు ఆ తేదీన మృతుల స్తూపం దగ్గర నివాళి అర్పించడానికి కూడా ఆంక్షలే. జాబితా మారిన నాలుగేళ్లకే ఇది జరిగిందన్న సంగతి మర్చిపోకూడదు.

2011 లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్టీలు 31.78 లక్షలు. అందులో లంబాడాలు 20 లక్షలకు పైగా, అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు. గోండులు మూడు లక్షల లోపు. తోటీలైతే ఐదు వేలు కూడా లేరు. 2024 కులగణనలో ఎస్టీలు 37 లక్షలు దాటి 10.45 శాతంగా తేలారు. 2011లో రాష్ట్ర అక్షరాస్యత 66.5 శాతం ఉంటే ఎస్టీలది 49.5 శాతం. ఇది కూడా అందర్నీ కలిపి తీసిన సగటు. రోడ్డు పక్క తండాలో డిగ్రీ చదివిన కుర్రాడూ, ఇంట్లో కొలామీ తప్ప మరో భాష వినకుండా ఒకటో తరగతిలో చేరే పాపా ఈ ఒక్క అంకెలోనే ఉన్నారు. ఆ పాప ఎంత వెనకబడి ఉందో ఈ సగటు చెప్పదు.

ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి గొడవ ముదిరింది. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోగా 2017 చివర్లో ఉట్నూరు ప్రాంతమంతా ఉద్రిక్తంగా మారింది. ఘర్షణలు జరిగాయి, ఇంటర్నెట్ ఆపేశారు. లంబాడాలను జాబితా నుంచి తీసేయాలన్న డిమాండ్ అప్పటి నుంచి చల్లారలేదు.

తీసేస్తే దేవరకొండ తండాకు జరిగే నష్టం మామూలుది కాదు. అలాగని గోండు, కొలాం అడుగుతున్నది అత్యాశ కాదు. జాబితాను పెంచిన ప్రభుత్వాలు, అప్పటికే అందులో ఉన్నవాళ్ల వాటా ఏమవుతుందో ఆలోచించలేదు. జాబితా 1977లో పెరిగితే, ఎస్టీల రిజర్వేషన్ 10 శాతానికి పెరిగింది 2022లో. ఇద్దరు పేదల మధ్య ఈ తగువును పెట్టింది ఆ నిర్లక్ష్యమే.

కనీసం ఒక పని వెంటనే చేయొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఏజెన్సీలో టీచర్ పోస్టులు, గురుకులాల సీట్లు, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) రుణాలు, పోడు పట్టాలు ఏ తెగకు ఎన్ని అందాయో మండలాల వారీగా బయటపెట్టాలి. రాబోయే జనగణనలోనూ తెగల వారీ వివరాలను కొత్త జిల్లాల ప్రకారం ఇవ్వాలి. పాత ఆదిలాబాద్ 2016లో నాలుగు జిల్లాలైంది. వాటిలో తోటీలు ఎక్కడ ఎంతమంది ఉన్నారో, వాళ్ల పిల్లలు ఎంతమంది బడికి వెళ్తున్నారో ఆ లెక్కలోనే తేలాలి.