కీబోర్డు స్విచ్ ఆపితే పాట ఎందుకు పోతుంది?

కోర్గ్ ట్రైటన్ లాంటి పాత వర్క్‌స్టేషన్ (సౌండ్లు, రికార్డింగు అన్నీ ఒకేదాంట్లో ఉండే కీబోర్డు) చేతికొచ్చినవాళ్లను మొదట్లోనే ఏడిపించేది సీక్వెన్సర్, అంటే వాయించిన నోట్లను ట్రాకులుగా గుర్తుపెట్టుకునే భాగం. రాత్రంతా కూర్చుని పదహారు ట్రాకులు పేర్చి స్విచ్ ఆపేస్తే పొద్దున్నకి పాట ఉండదు. ‘రైట్’ బటన్‌తో సేవ్ చేసుకున్న సౌండ్లు మాత్రం భద్రంగా ఉంటాయి. పాటకే ఈ అన్యాయం ఎందుకో తెలియాలంటే 1988 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది వచ్చిన కోర్గ్ ఎమ్1లో ఈ బాధ లేదు. లోపల ఒక చిన్న లిథియం బ్యాటరీ ఉండేది, కరెంటు లేకున్నా మెమరీని అదే కాపాడేది. ఇబ్బందల్లా చోటుతోనే. నూరు ప్రోగ్రాములు (ఒక్కో సౌండు), నూరు కాంబినేషన్లు (కొన్ని ప్రోగ్రాములు కలిపినవి) ఉంచుకుంటే సీక్వెన్సర్‌కు మిగిలేది సుమారు 4,400 నోట్ల జాగా. సౌండ్లను సగానికి తగ్గించుకుంటే 7,700. పది పాటలూ అందులోనే సర్దుకోవాలి. 120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) నాలుగు నిమిషాల పాటకి డ్రమ్స్‌లోని హై-హ్యాట్ తాళం బీటుకు రెండుసార్లు మోగినా, అదొక్కటే 960 నోట్లు తినేస్తుంది! అందుకే ఒక ముక్కను ప్యాటర్న్‌గా రికార్డు చేసి, కావలసిన చోటల్లా దాన్నే పిలిచే పద్ధతి పెట్టారు. నా దృష్టిలో ఆ రోజుల అరేంజర్ల పొదుపు నేర్పంతా అక్కడే కనిపిస్తుంది. ఎమ్1కి ఫ్లాపీ డ్రైవ్ లేదు, బయట పెట్టే మెమరీ కార్డు, ర్యామ్ కార్డే దిక్కు. బ్యాటరీ అయిపోతే లోపల ఉన్నదంతా పోయినట్టే.

మరుసటి ఏడాది టి సిరీస్‌తో కోర్గ్ ఫ్లాపీ డ్రైవ్ ఇచ్చింది. 1995లో ట్రినిటీ 80,000 నోట్లకు, 1999లో ట్రైటన్ 2,00,000 నోట్లకు చేరాయి. జాగా పెరిగింది కానీ పాటకు బ్యాటరీ కాపలా పోయింది. స్విచ్ ఆపేలోగా ఫ్లాపీలోకి ఎక్కించడం వాయించేవాళ్ల బాధ్యత అయింది.

ఎక్కించేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ట్రైటన్‌లో పాట ఎస్ఎన్‌జీ ఫైల్లోకి, ప్రోగ్రాములు, కాంబినేషన్లు పీసీజీ ఫైల్లోకి వెళతాయి. పాటలో సౌండ్ ఉండదు. ఉదాహరణకు ఐదో ట్రాక్‌లో ఉండేది ‘బ్యాంక్ బి, ప్రోగ్రామ్ 012’ అన్న గుర్తూ, దాని నోట్లూ మాత్రమే. ఆ నంబరులో మీరు తయారుచేసుకున్న వీణ సౌండ్ ఉండేదనుకోండి. తర్వాత ఇంకెవరిదో పీసీజీ లోడ్ చేస్తే అదే ట్రాక్ ట్రంపెట్‌లా మోగవచ్చు. మీరే శాంపిల్ చేసిన (బయటి శబ్దాన్ని రికార్డు చేసి ఎక్కించిన) సౌండ్లయితే మూడోది, ఏ శాంపిళ్లు కావాలో చెప్పే కేఎస్‌సీ జాబితా, దానితోపాటు శాంపిల్ ఫైళ్లూ కావాలి. ట్రైటన్ శాంపిల్ మెమరీని 64 ఎంబీ దాకా పెంచుకోవచ్చు, ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. అందుకే శాంపిళ్లతో పనిచేసేవాళ్లు స్కజీ బోర్డు (బయటి డ్రైవ్‌ను కలిపే అదనపు కార్డు) కొని బయటి డ్రైవ్ తగిలించుకునేవారు.

1988లోనే వచ్చిన స్టాండర్డ్ మిడి ఫైల్‌తో (నోట్లను రాసిపెట్టే ఉమ్మడి ఫైల్ పద్ధతి) పాటను ఏ కంపెనీ కీబోర్డుకైనా తీసుకెళ్లవచ్చు. అయితే నోట్లూ, ప్రోగ్రామ్ నంబర్లూ వెళతాయి తప్ప మనం చెక్కుకున్న సౌండ్ వెళ్లదు.

2011 మార్చిలో సోనీ జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. మన కోస్తా ఉక్కపోతలో పాత ఫ్లాపీలకు బూజు పట్టడం మామూలే. డ్రైవ్ స్థానంలో పెన్‌డ్రైవ్‌నే ఫ్లాపీలా చూపించే యూఎస్‌బీ ఎమ్యులేటర్ బిగించి నెట్టుకొస్తున్నవాళ్లు చాలామంది. ఫ్లాపీలు ఇంకా చదవగలిగే స్థితిలో ఉంటే ఎస్ఎన్‌జీ, పీసీజీలను జంటగా కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం, పాటను ఆడియోగా కూడా రికార్డు చేసుకోవడం ఈ నెలలోనే చేయాల్సిన పని.

అదే 2011లో వచ్చిన కోర్గ్ క్రోనోస్‌లో ఫ్లాపీకి బదులు లోపలే ఎస్ఎస్‌డీ డిస్క్ ఉంది. అయినా అందులోనూ సీక్వెన్సర్‌లో చేసిన పాటను మనమే డిస్క్‌లోకి సేవ్ చేయాలి.