స్నాతకం: లోపలికా, బయటికా?

హనుమకొండలో ఏ జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడ్డా ఈ మాట చెవినపడుతుంది: "ప్రొవిజనల్ ఉంది గానీ అన్నా, కాన్వొకేషన్ ఇంకా తీస్కోలె." ఇక్కడ కాన్వొకేషన్ అంటే వేడుక కాదు, కాగితం. లాటిన్‌లో 'అందరినీ ఒకచోటికి పిలవడం' అనే అర్థంతో పుట్టిన మాట మన దగ్గరికొచ్చేసరికి లామినేషన్ చేయించుకునే వస్తువైంది.

ఆహ్వానపత్రిక మీద మాత్రం 'స్నాతకోత్సవం' అనే ఉంటుంది. స్నాతకుడంటే స్నానం చేసినవాడు. గురుకులంలో చదువు ముగిశాక మొలతాడు, దండం విడిచి, తలంటుకుని, కొత్తబట్టలు కట్టి ఇంటిదారి పట్టే సంస్కారం సమావర్తనం. ఆ స్నానమే పేరైంది. ఇంటి సంస్కారాల విధులు చెప్పే పాత గ్రంథాలు, గృహ్యసూత్రాలు, స్నాతకులను మూడు రకాలు చేశాయి. చదువు పూర్తయినా బ్రహ్మచర్య వ్రతం గడువు తీరనివాడు విద్యాస్నాతకుడు. గడువు తీరినా చదువు మిగిలిపోయినవాడు వ్రతస్నాతకుడు. రెండూ ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. మన భాషలో రెండోవాడు మూడేళ్లూ క్లాసులో కూర్చుని బ్యాక్‌లాగులు మిగుల్చుకున్న బాపతు. అతనికీ స్నానం దక్కింది! మన పరీక్షల విభాగాలకు అంత దయ లేదు.

అసలు ఈ మాట యూనివర్సిటీలో కన్నా పెళ్లిపందిట్లోనే ఎక్కువ బతికుంది. కొన్ని కుటుంబాల్లో పెళ్లికి ముందు వరుడికి స్నాతకం చేస్తారు. ఆ వెంటనే గొడుగు, పావుకోళ్లతో కాశీకి బయల్దేరిన పెళ్లికొడుకును బామ్మర్ది బెల్లంముక్క పెట్టి ఆపుతాడు. సభకు వెళ్లకుండా ఎంటెక్ పట్టా పోస్టులో తెప్పించుకున్నవాడైనా ఫంక్షన్ హాల్లో ఈ స్నాతకం తప్పించుకోలేడు.

స్నాతకం బయటికి సాగనంపే మాటైతే, ఇంగ్లిష్ పద్ధతి లోపలికి పిలిచేది. యూరప్‌లో డిగ్రీ అంటే మెట్టు. పట్టా ఇవ్వడమంటే ఆ మెట్టెక్కించి పండితుల సంఘంలో చేర్చుకోవడం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో యూనివర్సిటీలు పెట్టినప్పుడు ఆ మర్యాదలూ వెంట వచ్చాయి. ఇప్పటికీ పట్టాలిచ్చేటప్పుడు చదివే ఇంగ్లిష్ వాక్యంలో 'అడ్మిట్' అనే మాట ఉంటుంది. మనకేమో అడ్మిషన్ అంటే జూన్‌లో ఫీజు కట్టి చేరడమే.

తెలంగాణలో ఈ రెంటి నడుమ ఇంకో పొర ఉంది. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో పట్టా అంటే సనద్. ఉర్దూలో ఈ వేడుకను 'జల్సా-ఎ-తక్సీమ్-ఎ-అస్నాద్' అంటారు, అంటే సనదులు పంచే సభ. స్నానమూ లేదు, మెట్టూ లేదు, ఉన్నమాట చెప్పారు. నాకు ఇదే నచ్చుతుంది. వరంగల్ కాలేజీలు 1976 ఆగస్టులో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా ఉస్మానియా కిందివే.

ఇక పట్టభద్రుడు. పట్టం అంటే నుదుట కట్టే పట్టీ, రాజరికపు గుర్తు. రుద్రమదేవికి పట్టం కట్టిన ఓరుగల్లులో ఈ మాట ఇప్పుడు ఎక్కువగా వినబడేది ఎమ్మెల్సీ ఎన్నికలప్పుడే. వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటు కావాలంటే డిగ్రీ పూర్తయి మూడేళ్లు నిండాలి.

పట్టా సంగతి వేరు. నా డిగ్రీ పట్టా చేతికొచ్చిందని ఊళ్లో చెబితే మా తాత నవ్వకుండా అడిగాడు: "ఎన్ని గుంటలు బిడ్డా?"