పెదనాన్నకి ఇంకా భయమెందుకు?

చిరంజీవులకు,

మీలో ఒకరు ఇలా రాశారు: "తాతగారూ, మా పెదనాన్నకి యాభై ఏళ్లు. ఎవరైనా గట్టిగా అరిస్తే ఆయన చేతులు వణుకుతాయి. చిన్నప్పుడు ఆయన్ని బాగా కొట్టేవారట. కొట్టినవాళ్లు ఇప్పుడు లేరు కూడా. మరి ఇంకా భయమెందుకు?"

"అయిపోయిందిగా, మర్చిపో" అని పెద్దవాళ్లే తేల్చేసే చోట, నువ్వు ఆగి "ఎందుకు" అని అడిగావు. నాకు చాలా సంతోషం.

నా చిన్నతనంలో మా ఇంటికి ఒక కుక్క వచ్చి చేరింది. ఎవరో కర్రతో కొట్టి తరిమేసిన కుక్క. మా ఇంట్లో దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. అయినా అమ్మ చీపురు తీస్తే చాలు, మంచం కిందికి దూరిపోయేది. మేం మంచివాళ్లమని దానికి తెలుసు. మమ్మల్ని చూసి తోక ఊపేది. చీపురు లేచేసరికి ఆ తెలిసిందంతా ఎటు పోయేదో! నేను కాలు పట్టుకుని బయటికి లాగబోతే నాన్న ఆపాడు. రోజూ సాయంత్రం ఆ మంచానికి కాస్త ఎడంగా, అటు వీపు పెట్టి కూర్చుని పుస్తకం చదువుకునేవాడు. పిలిచేవాడు కాదు. కొన్ని నెలలకు అదే వచ్చి ఆయన పక్కన పడుకుంది. అమ్మేమో ఊడ్చే ముందు చీపురు నేలమీద పెట్టి, దాన్ని వాసన చూడనిచ్చేది. పోనుపోను అది పారిపోవడం మానేసింది. చెవులు మాత్రం చివరిదాకా వెనక్కి వాల్చేది.

మీ పెదనాన్న లోపలా అలాంటి కుక్కే ఉందనుకో. అపాయాన్ని పసిగట్టడానికి మెదడులో అమిగ్డలా అనే భాగం ఉంది. మనం ఆలోచించేలోపే అది గుండెను దడదడలాడిస్తుంది. దానికి ఏళ్లు లెక్కపెట్టడం రాదు. "మర్చిపో" అనడమంటే కాలు పట్టి లాగడమే. మానసిక వైద్యంలో శిక్షణ పొందినవాళ్లు అలా లాగరు. ముందు నమ్మకం కుదరనిస్తారు. తర్వాత ఆ పాత సంగతులను కొంచెం కొంచెంగా, ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పే వీలుంచి, బయటికి రానిస్తారు. చీపురు వాసన చూడనివ్వడం అంటే అదే.

యాభై ఏళ్లకి ఇది సాధ్యమా అంటావేమో. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త తన బృందంతో కలిసి దశాబ్దాలపాటు గమనించింది. అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది నిబ్బరంగా ఎదిగారు. వాళ్లను ఆదరించిన పెద్దమనిషి ఒక్కరైనా ఉండటం అందుకు ఒక ముఖ్య కారణం. మిగిలినవాళ్ల మాట? పద్దెనిమిదేళ్లకి దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్ఫైల్లో, నలభైల్లో కుదుటపడ్డారు. ఈ సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మీలో ఎవరికైనా ఇప్పుడే అలాంటి బాధ జరుగుతుంటే, తప్పు మీది కానే కాదు. నమ్మకమున్న పెద్దవాళ్లకు చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి. వినేవాళ్లు దొరికేదాకా మానకండి.

ఇక మీకో పని. బెదురు గొడ్డునో, కుక్కనో, పిల్లినో ఎంచుకోండి. ముట్టుకోవద్దు, వెంటపడొద్దు. ఎంత ఎడంలో నిలబడితే దాని చెవులు మామూలుగా ఉంటాయో కనిపెట్టండి. రేపు ఆ ఎడం తగ్గిందా, పెరిగిందా చూసి నాకు రాయండి.

మీ తాతయ్య