పెద్దవాళ్లకు మంచే ఎక్కువ గుర్తుంటుందా?

అమెరికాలో 300 మంది క్యాథలిక్ నన్‌లు 1987లో తమ ఆరోగ్యం, అలవాట్లు, మనసు ఎలా ఉన్నాయో ఒక ప్రశ్నావళిలో రాసిచ్చారు. 2001లో పరిశోధకులు మళ్లీ వాళ్లనే కలిసి, అప్పట్లో ఎలా ఉండేవారో గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. పాత జవాబులు భద్రంగా ఉన్నాయి కాబట్టి ఎవరి జ్ఞాపకం ఎటు జరిగిందో ఇట్టే తెలిసిపోయింది. బాగా వయసు మళ్లినవాళ్లకు ఆ రోజులు, అప్పుడు తాము రాసినదానికంటే బాగున్నట్టు తోచాయి. వాళ్లలో వయసు తక్కువ ఉన్నవాళ్లకేమో ఇంకా కష్టంగా గడిచినట్టు అనిపించింది. తమాషా ఏమిటంటే, ‘కచ్చితంగా, ఉన్నదున్నట్టు రాయండి’ అని పదేపదే చెబితే పెద్దవాళ్ల జ్ఞాపకాలు కూడా చేదువైపే తిరిగాయి.

దీన్ని మతిమరుపు ఖాతాలో వేసేయడం తేలిక. కానీ లెక్క కుదరదు. 2005లో మారా మేథర్, మరిసా నైట్ జరిపిన ప్రయోగాల్లో, ధ్యాసను, ఆలోచనను అదుపులో పెట్టుకునే పరీక్షల్లో ముందున్న పెద్దవాళ్లలోనే ఈ మంచివైపు మొగ్గు ఎక్కువగా కనిపించింది. ఆ ప్రయోగంలో బొమ్మలు చూస్తుండగా ఇంకో పని కూడా అప్పగించి ధ్యాస మళ్లిస్తే ఆ మొగ్గు కాస్తా పోయింది. అంటే మెదడు అరిగిపోయి చెడును జారవిడుచుకోవడం లేదు, పనిగట్టుకుని మంచిని ఏరుకుంటోంది. ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనిషి కొత్తవి పోగేయడం కంటే మనసుకు హాయినిచ్చేవాటికే చోటిస్తాడని స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ వివరణ. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

సంతోషంగా ఉంటే జ్ఞాపకశక్తే మెరుగవుతుందా అన్నది వేరే ప్రశ్న. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో 63 నుంచి 85 ఏళ్లవాళ్లలో సగం మందికి ముందుగా ఒక థాంక్యూ కార్డు, రెండు చిన్న మిఠాయి పొట్లాలు ఇచ్చారు. విన్న అక్షరాలను, అంకెలను కాసేపు మనసులో నిలుపుకుని తిరిగి చెప్పడంలో వాళ్లు మిగతావాళ్లకంటే ముందున్నారు. (షుగర్ ఉన్న తాతయ్యలు దీన్ని సాకుగా వాడుకోవద్దు. ఆ పొట్లాలు ఇచ్చింది నోరు తీపి చేయడానికి కాదు, మనసు తేలికపరచడానికి.) ఆలోచనా వేగంలో గానీ, పదసంపదలో గానీ తేడా రాలేదు.

ఇది ఆ పూట సంగతి. ఏళ్ల తరబడి మాటేమిటి? 991 మంది నడివయసు, వృద్ధ అమెరికన్లను గమనించిన ఒక అధ్యయనం 2020లో వచ్చింది. ఉత్సాహంగా, ఉల్లాసంగా ఉన్నామని చెప్పినవాళ్లలో తొమ్మిదేళ్లకు జ్ఞాపకశక్తి తగ్గడం కాస్త తక్కువగా ఉంది. వయసు, చదువు, కుంగుబాటు లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. అయినా ఉల్లాసమే జ్ఞాపకాన్ని కాపాడిందని దీన్నిబట్టి తేల్చలేం. ఆరోగ్యం బాగుండి, నలుగురిలో తిరిగే మనిషికి రెండూ ఒకేసారి దక్కి ఉండొచ్చు.