గుర్తుకు రావడం వెనుక ఉన్న అల్లిక

పద్యం మొదటి పాదం ఎవరైనా అందిస్తే చాలు, మిగతా మూడూ వాటంతటవే నోటికొస్తాయి. మామూలు కంప్యూటర్ మెమరీకి ఆ గుణం లేదు. ఫలానా నంబరు గదిలో ఏముందో అడిగితే చెబుతుంది గానీ, ముక్క చూపించి మొత్తం ఇమ్మంటే ఇవ్వదు. మెదడు కణాలైన న్యూరాన్లకు ఆ పని ఎలా సాధ్యమవుతోంది? వాటి మధ్య లింకుల అల్లిక మారితే జ్ఞాపకం ఏమవుతుంది? మొదటి ప్రశ్న మీద చాలా పని జరిగింది. రెండోదాని వైపు శాస్త్రవేత్తలు గట్టిగా చూసింది ఆలస్యంగానే.

పునాది వేసింది కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్. ఒక న్యూరాన్ మరోదాన్ని పదేపదే ప్రేరేపిస్తూ ఉంటే ఆ రెండింటి మధ్య లింకు బలపడుతుందని 1949లో ఆయన ప్రతిపాదించారు. 1971లో డేవిడ్ మార్ మెదడులోని హిప్పోకాంపస్ జ్ఞాపకాలను ఎలా దాస్తుందో ఒక సిద్ధాంతం రాశారు. 1972లో జపాన్‌లో షున్-ఇచి అమారి ఇలాంటి నెట్‌వర్క్‌ల గణితాన్ని ముందుకు తీసుకెళ్లారు. ఈ ఆలోచన ఎక్కువ మందికి చేరింది మాత్రం 1982లో, భౌతిక శాస్త్రవేత్త జాన్ హాప్‌ఫీల్డ్ వ్యాసంతో. 2024లో ఆయనకు నోబెల్ వచ్చింది కాబట్టి ఆ పేరు మళ్లీ వినిపిస్తోంది. అమారి, మార్‌ల పేర్లు కూడా అంతే గట్టిగా వినపడాలని నా కోరిక.

హాప్‌ఫీల్డ్ చెప్పింది నాలుగు న్యూరాన్లతో చూడవచ్చు. మొదటి రెండూ వెలిగి, చివరి రెండూ ఆరి ఉండటమే మనం దాచిన గుర్తు అనుకుందాం. ఒకే స్థితిలో ఉన్న జంట మధ్య లింకుకు ప్లస్ 1, వేరు స్థితుల్లో ఉన్న జంటకు మైనస్ 1 ఇస్తాం. ఇప్పుడు మొదటిదాన్ని కావాలనే ఆర్పేద్దాం. రెండోది వెలుగుతోంది, దానితో ప్లస్ లింకు, కాబట్టి అది మొదటిదాన్ని వెలగమంటుంది. మూడు, నాలుగు ఆరి ఉన్నాయి, వాటితో మైనస్ లింకు, కాబట్టి అవీ వెలగమనే అంటాయి. మూడు ఓట్లూ ఒకవైపే. మొదటి న్యూరాన్ మళ్లీ వెలుగుతుంది, చెడిన గుర్తు బాగుపడుతుంది.

ఇలా ఎన్ని గుర్తులు దాచవచ్చు? 1985లో ఆమిట్, గుట్‌ఫ్రాయిండ్, సొంపొలిన్‌స్కీ లెక్క తేల్చారు: ఒకదానితో ఒకటి పోలిక లేని గుర్తులైతే, వెయ్యి న్యూరాన్లకు సుమారు 138. అది దాటితే చివర చేర్చినవి మాత్రమే పోవు, పాతవీ కలిసి చెడిపోతాయి.

అయితే ఈ లెక్కలో ప్రతి న్యూరానూ మిగతా అన్నిటితో కలిసి ఉంటుంది. వెయ్యి న్యూరాన్లకే 4,99,500 లింకులు. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి, ఒక్కోదానికి ఉండే లింకులు వేలల్లోనే. అందరితో అందరూ కలిసే వీలే లేదు. మరి ఉన్న కొద్ది లింకులు ఎవరితో ఉండాలి?

1998లో డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ ‘స్మాల్ వరల్డ్’ నెట్‌వర్క్‌ల గురించి, అంటే ఎక్కువ లింకులు పక్కవాటితోనే ఉండి కొన్ని మాత్రం దూరానికి వెళ్లే అల్లికల గురించి రాశాక ఈ ప్రశ్న ఊపందుకుంది. న్యూరాన్లను గుండ్రంగా పేర్చి, పక్కవాటితో మాత్రమే కలిపామనుకోండి. గుర్తులో ఒకచోట వరుసగా కొంత భాగం చెడిపోయింది. అక్కడి న్యూరాన్లు తమ పక్కవాటినే అడుగుతాయి, ఆ పక్కవీ చెడినవే. ఒక వీధిలో వాళ్లంతా ఒకరి మాట ఒకరు నమ్మి తప్పు వార్తను ఖాయం చేసుకున్నట్టు, ఆ తప్పు అక్కడే పాతుకుపోతుంది. కొన్ని లింకులను తెంపి దూరపు న్యూరాన్లకు కలిపితే బయటి నుంచి సరైన ఓట్లు వస్తాయి. 2001లో బోలాండ్, మినాయ్ ఇదే చూపించారు: దూరపు లింకులు కొన్ని ఉన్నా చాలు, తక్కువ తీగతోనే, అంటే లింకుల మొత్తం పొడవు తక్కువైనా, దాదాపు పూర్తి యాదృచ్ఛిక నెట్‌వర్క్‌కు (లింకులు ఎటుపడితే అటు ఉన్నదానికి) సమానంగా పని జరుగుతుంది.

2003లో మెక్‌గ్రా, మెన్జింగర్ ఇంకో సంగతి బయటపెట్టారు. కొన్ని న్యూరాన్లకే చాలా లింకులుండే నెట్‌వర్క్‌లో గుర్తు అంతా ఒకేలా తిరిగిరాదు. ఎక్కువ లింకులున్న న్యూరాన్ల దగ్గరి భాగం గట్టిగా వస్తుంది, మిగతాది తడబడుతుంది. మరుసటి ఏడాది బీమ్ జున్ కిమ్ ఒక నులిపురుగు న్యూరాన్ల నెట్‌వర్క్‌ను కూడా తీసుకుని, ప్రతి న్యూరాన్ లింకుల సంఖ్య మార్చకుండా, పక్కవాళ్లు పక్కవాళ్లతోనే ముడిపడే గుణాన్ని తగ్గిస్తూ చూశారు. అది తగ్గిన నెట్‌వర్క్‌లే చాలా బాగా గుర్తు తెచ్చుకున్నాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. గుంపులు కట్టడం జ్ఞాపకానికి చేటైతే, నిజమైన మెదడులో అన్ని గుంపులెందుకు? తీగకు ఖర్చుంది. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా మన శక్తిలో 20 శాతం వాడుకుంటుంది. దూరపు లింకు ప్రతిదానికీ చోటు కావాలి, దాన్ని పోషించాలి. అందుకే ఎన్ని జ్ఞాపకాలు పడతాయన్న లెక్కలో ఎంత తీగ పడుతుందన్నదీ కలవాలని నా అభిప్రాయం.

2016లో ఆస్ట్రియాలో పీటర్ జోనస్ బృందం ఎలుక హిప్పోకాంపస్‌లోని సీఏ3 అనే భాగాన్ని పరీక్షించింది. ముక్క నుంచి మొత్తాన్ని గుర్తు తెచ్చేది ఈ భాగమేనని చాలామంది నమ్మకం. ఒకేసారి ఎనిమిది న్యూరాన్ల దాకా పట్టుకుని, ఏది దేనితో మాట్లాడుతోందో జంట జంటగా విన్నారు. నూరు జంటల్లో సుమారు ఒక్కదానికే లింకు ఉంది. రెండు న్యూరాన్లు పరస్పరం కలవడం, రెండు వచ్చి ఒకదానిలో చేరడం వంటి చిన్న అల్లికలు మాత్రం యాదృచ్ఛికంగా ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కనిపించాయి. అదే అల్లికతో, సీఏ3 అంత పెద్ద నెట్‌వర్క్‌ను కంప్యూటర్‌లో కట్టి చూస్తే, ముక్క ఇచ్చినప్పుడు మొత్తం తిరిగొచ్చింది. ఇంకొకటి కూడా తేలింది: వాళ్లు కొలిచిన దూరం మేరకు, పక్కనున్న న్యూరాన్‌తో లింకు ఉండే అవకాశం ఎంతో, దూరంగా ఉన్నదానితోనూ అంతే.